"మందు ఆపేయనా?": కోవిడ్ కాలంలో ఐబీడీ పేషెంట్లు అడిగిన ప్రశ్న

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గర పెట్టుకుంటాను. ముందుగా ఒక మాట. మధ్యలో లేచి వెళ్లాల్సొస్తే మొహమాటపడకండి. మీ కుడిచేతి వైపు తలుపు తీస్తే ఎదురుగానే బాత్రూమ్. ఎక్కడికెళ్లినా మనం మొదట వెతికేది అదే కదా, అందుకే మొదటే చెప్పేస్తున్నా. ఎన్నిసార్లు వెళ్లొచ్చినా ఇక్కడ ఎవరూ తల తిప్పి చూడరు.

నేను డాక్టర్ని కాదు. చాలా ఏళ్లుగా క్రోన్స్ అనే పేగు జబ్బుతో బతుకుతున్నదాన్ని. కోవిడ్ రోజుల్లో మన పేషెంట్ల గ్రూపు ఫోను నా దగ్గరే ఉండేది, కాబట్టి ఎవరికి ఏ భయమేసినా ముందు నా చెవినే పడేది. ఆ ఫోన్లలో విన్నదీ, తర్వాత పరిశోధనల్లో తేలిందీ పక్కపక్కన పెట్టి చెబుతాను. ఎందుకంటే మనం అప్పుడు ఏ మందుని చూసి వణికిపోయామో దాంతో పెద్ద ముప్పు లేదని తేలింది, ఏ మందుని ఇంట్లో పెట్టుకుని నిశ్చింతగా ఉన్నామో దాని గురించే జాగ్రత్తపడాల్సిందని తేలింది.

ఈ జబ్బు కొత్తగా తెలిసినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా వచ్చారు కాబట్టి రెండు ముక్కలు. ఐబీడీ అంటే పేగుల్లో వాపు, పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు. ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకి వస్తుంది, క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. టెన్షన్ పడితే కడుపులో తిప్పే ఐబీఎస్ వేరు, ఇది వేరు. ఇందులో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన పేగు మీద తిరగబడుతుంది. ఎక్కువమందికి 15 నుంచి 35 ఏళ్ల మధ్య బయటపడుతుంది. 2017 నాటి అంచనా ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద సుమారు 68 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. ఒంటరిగా ఉన్నామనుకుంటాం గానీ, లేం.

రక్షణ వ్యవస్థే తిరగబడింది కాబట్టి దాన్ని కాస్త అణచి ఉంచే మందులే మనకి ఇస్తారు. సరిగ్గా ఇక్కడే వచ్చింది చిక్కు.

2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి అని చెప్పింది. మార్చి 11న మహమ్మారి అంది. ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, ఒకటే మాట వినపడేది, గుర్తుందా? "వయసు మళ్లినవాళ్లు, షుగరు బీపీ ఉన్నవాళ్లు, ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్లు జాగ్రత్త." మొదటి రెండూ మనలో చాలామందికి వర్తించవు. మూడోది వినగానే గుండె జారిపోయేది. ఎందుకంటే మన మందు డబ్బాలో మడిచి పెట్టిన ఆ పొడుగాటి కాగితం ఉంటుంది చూడండి, అందులో ఆ మాటే రాసుంటుంది, ఇమ్యూనిటీని తగ్గిస్తుంది అని. అంతే, ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున్న, రాత్రి, అర్ధరాత్రి. మాట్లాడే మనిషి మారేవాడు గానీ ప్రశ్న మారేది కాదు. "మందు ఆపేయనా అక్కా?"

ఆ భయం అర్థం లేనిదని నేననను. ఒక్కసారి ఆలోచించండి, ఈ వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే పిడి ఏసీఈ2 అనే ప్రొటీన్. అది ఊపిరితిత్తుల్లోనే ఉంటుందనుకుంటాం, కానీ పేగు లోపలి పొరలో కూడా బాగా ఉంటుంది, ముఖ్యంగా చిన్నపేగు చివరి భాగంలో, అంటే క్రోన్స్ ఎక్కువగా కూర్చునే చోటే. కోవిడ్ వచ్చినవాళ్ల మలంలో కూడా వైరస్ ఆనవాళ్లు దొరికాయి. ఇదంతా చదివితే మనకేమనిపిస్తుంది? మొదటి దెబ్బ మనకే అనిపించదా? డాక్టర్లకి కూడా అదే అనుమానం వచ్చింది. ఆ మార్చి నెలలో ఎవరి దగ్గరా లెక్కలు లేవు.

లెక్కలు లేనప్పుడు ఏం చేయాలి? లెక్కలు పోగుచేయాలి. ఈ సంగతి మన పేషెంట్లలో చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. అదే మార్చిలో కొందరు ఐబీడీ డాక్టర్లు సెక్యూర్ ఐబీడీ అని ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ మొదలుపెట్టారు. ఏ దేశం డాక్టరైనా సరే, తన ఐబీడీ పేషెంటుకి కోవిడ్ వస్తే వివరాలు అందులో పెట్టాలి. పేరు అక్కర్లేదు. వయసెంత, ఏ మందు మీద ఉన్నారు, జబ్బు అదుపులో ఉందా, చివరికి ఏమైంది, ఇవి చాలు. తమ ఆసుపత్రులు నిండిపోయి ఊపిరాడని రోజుల్లో ఆ డాక్టర్లు కూర్చుని ఇవన్నీ నింపారు. వాళ్లకి మనం రుణపడి ఉన్నాం, నిజంగా.

కొన్ని నెలల్లోనే మొదటి వ్యాసం వచ్చింది. 33 దేశాలు, 525 కేసులు. ఏం తేలింది? అందరూ హడలిపోయిన టీఎన్ఎఫ్ మందులు, అంటే వాపు పుట్టించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటివి, వాటికీ కోవిడ్ ముదరడానికీ సంబంధం కనపడలేదు. వినండి, మళ్లీ చెబుతున్నా, కనపడలేదు. మరి దేనికి కనపడింది? వయసుకి. వేరే జబ్బులు రెండో అంతకన్నా ఎక్కువో ఉండటానికి. ఇంకా స్టెరాయిడ్లకి. నోటితోనో నరంలోనో స్టెరాయిడ్ తీసుకుంటున్నవాళ్లలో కోవిడ్ తీవ్రమయ్యే అవకాశం, వయసూ మిగతా సంగతులన్నీ సరిచూసి లెక్కకట్టినా, సుమారు ఏడు రెట్లు కనిపించింది. తర్వాత 1,439 కేసులతో ఇంకో లెక్క వచ్చింది. అందులో టీఎన్ఎఫ్ మందు ఒక్కటే వాడేవాళ్లకంటే, ఇమ్యూనిటీని తగ్గించే అజాథయోప్రిన్ లాంటి మాత్ర వాడేవాళ్లకి, ఆ రెండూ కలిపి వాడేవాళ్లకి కోవిడ్ కాస్త గట్టిగా వచ్చినట్టు తేలింది.

ఇక్కడ తొందరపడొద్దు. స్టెరాయిడ్ ఎవరికిస్తారు? జబ్బు తిరగబెట్టినవాళ్లకి. అంటే అప్పటికే ఒళ్లు కుదేలై ఉన్నవాళ్లకి. మరి దెబ్బ స్టెరాయిడ్‌ది ఎంత, తిరగబెట్టిన జబ్బుది ఎంత? ఇలాంటి రిజిస్ట్రీ దాన్ని పూర్తిగా విడదీసి చెప్పలేదు. పైగా ఒళ్లు బాగా పాడై ఆసుపత్రికి వచ్చినవాళ్లే ఎక్కువగా లెక్కలోకి వస్తారు. అయినా సరే, రెండు దారులూ మనల్ని ఒకే చోటికి తెస్తాయి. జబ్బు అదుపులో ఉంటే స్టెరాయిడ్ అక్కర్లేదు. జబ్బు అదుపులో ఉండాలంటే? రోజువారీ మందు ఆపకూడదు.

ఎందుకిలా అని ఒకాయన అప్పట్లో ఫోన్లో చాలాసేపు వాదించారు, "రెండూ ఇమ్యూనిటీని తగ్గించేవే కదమ్మా, ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ ఎలా అవుతుంది?" అని. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో ఒక గదిలో కుళాయి కారిపోతుంటే ఆ ఒక్క కుళాయి కట్టేయొచ్చు, లేదా వీధిలో మెయిన్ వాల్వే తిప్పేయొచ్చు. టీఎన్ఎఫ్ మందు ఒక్క కుళాయి కట్టేస్తుంది, స్టెరాయిడ్ మెయిన్ వాల్వు తిప్పేస్తుంది. వైరస్ వచ్చేసరికి ఒంటికి కావలసిన మిగతా నీళ్లు కూడా అందవు. అందుకే అంతర్జాతీయ నిపుణుల బృందం మొదట్లోనే చెప్పింది, ఎవరూ సొంతంగా మందులు ఆపొద్దు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రం వీలైతే రోజుకి 20 మిల్లీగ్రాముల లోపుకి తీసుకురండి అని. తీసుకురావడం అంటే డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావడం. ఒక్కసారిగా ఆపేస్తే అది ఇంకో ప్రమాదం, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అందక మనిషి కుప్పకూలిపోవచ్చు.

అంతలో 2020 జూన్ 16న ఇంకో వార్త వచ్చింది. డెక్సామెథాసోన్ కోవిడ్ పేషెంట్ల ప్రాణాలు కాపాడుతోందని. అది స్టెరాయిడే కదా! మళ్లీ ఫోన్లు. "స్టెరాయిడ్ మంచిదంట అక్కా, మొన్న మీరే వద్దన్నారు?" కొందరైతే ఇంట్లో మిగిలిపోయిన పాత మాత్రలు ముందుజాగ్రత్త అని వేసుకోవడం కూడా మొదలుపెట్టారు, అది విన్నప్పుడు నాకు చేతులు చల్లబడిపోయాయి. ఆ వార్త బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశోధనది, అందులో తేలింది ఇది. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకి, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి అది మేలు చేసింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు కనపడలేదు. జబ్బు మొదట్లో ఒళ్లు వైరస్‌తో పోరాడాలి, అప్పుడు రక్షణ వ్యవస్థని అణిచేస్తే నష్టం. తర్వాతి దశలో ఆ రక్షణ వ్యవస్థే అదుపు తప్పి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంటే, అప్పుడు అణచాలి. మందు అదే, వేళ వేరు. దయచేసి ఇప్పుడైనా సరే, బీరువాలో మిగిలిన స్టెరాయిడ్ స్ట్రిప్పు ఉంటే డాక్టర్ని అడగకుండా దాన్ని ముట్టుకోకండి.

మందు ఆపేస్తే ఏమవుతుందో ఒక్కరి గురించి చెబుతాను. పేరు చెప్పను. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, అల్సరేటివ్ కొలైటిస్, మందులతో ఎంతో బాగున్నాడు. లాక్‌డౌన్ మొదట్లో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారని అజాథయోప్రిన్ ఆపేశాడు. మాకూ చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు. మొదట్లో ఏమీ కాలేదు, అదే మోసం, ఈ మందు ప్రభావం ఒంట్లోంచి వెంటనే పోదు కాబట్టి, ఆపినా బానే ఉన్నానని ధైర్యం వచ్చేస్తుంది. తర్వాత మోషన్స్ పెరిగాయి, ఆ తర్వాత రక్తం. అప్పుడైనా ఆసుపత్రికి వెళ్లాడా? వెళ్లలేదు, అక్కడ కోవిడ్ అంటుకుంటుందని భయం. రాత్రిళ్లు బాత్రూమ్ తలుపుకి ఆనుకుని నేలమీదే పడుకునేవాడంట, మంచం దాకా నడిచి వచ్చేలోపే మళ్లీ వెళ్లాల్సి వస్తోందని. చివరికి వాళ్లమ్మ ఫోన్ చేశారు. ఆసుపత్రిలో చేర్చి ఏం ఇచ్చారో చెప్పండి? స్టెరాయిడ్. ఎక్కువ మోతాదులో, నరంలోకి. కోవిడ్‌కి భయపడి మందు ఆపినవాడు, కోవిడ్ వస్తే ఏది ప్రమాదమో సరిగ్గా ఆ మందు మీదికి వచ్చి చేరాడు. కోలుకున్నాడు, ఇప్పుడు బాగున్నాడు. అతన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అతనికి ఆ వారంలో ఎవరైనా ఒక్క ఫోన్ చేసి "ఆపకు" అని చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పే మనిషి లేకపోయాడు. డాక్టరు ఓపీ మూసేశారు, క్లినిక్ నంబరు ఎత్తేవాళ్లు లేరు.

వైరస్ సోకనివాళ్లని కూడా ఈ మహమ్మారి అలా దెబ్బకొట్టింది. అత్యవసరం కాని ఎండోస్కోపీలు, కొలొనోస్కోపీలు, అంటే ట్యూబు వేసి లోపల చూసే పరీక్షలు, చాలా దేశాల్లో ఆపేశారు. పదేపదే వెళ్లి చూపించుకునే మనబోటివాళ్లు ఎలాగో ఫోన్లోనైనా డాక్టర్ని పట్టుకున్నాం. కానీ అప్పుడే మొదటిసారి రక్తం పడుతున్నవాళ్ల సంగతేంటి? పైల్స్ అయ్యుంటుందిలే అనుకుని నెలలు గడిపినవాళ్లు ఎందరో. పెద్దపేగులో ఎక్కువ భాగానికి కొలైటిస్ ఉన్నవాళ్లకి సుమారు ఎనిమిదేళ్లు దాటాక క్యాన్సర్ ముప్పు చూసుకోవడానికి మధ్యమధ్యలో కొలొనోస్కోపీ చేయించాలి. అది వాయిదా పడి, ఆ తర్వాత మర్చిపోయినవాళ్లు ఈ హాల్లో ఉన్నారా? చేతులెత్తక్కర్లేదు. ఇంటికెళ్లి ఫైలు తీసి చివరిసారి ఎప్పుడు చేయించారో తేదీ చూసుకోండి, అంతే.

ఫోన్ కన్సల్టేషన్ గురించి నాకు రెండు అభిప్రాయాలున్నాయి. వీడియోలో డాక్టరుకి మీ ముఖం కనిపిస్తుంది, పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూడలేరు. కుడివైపు కింద నొక్కితే ఎక్కడ గట్టిగా తగులుతోందో, మనం ఎక్కడ ముఖం చిట్లిస్తున్నామో, క్రోన్స్‌లో అది పెద్ద ఆధారం. పక్కన అత్తగారో తమ్ముడో ఉంటే రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నామో గట్టిగా చెప్పలేం కూడా. కానీ జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకి, పొద్దున్నే ప్రయాణం చేయలేనివాళ్లకి, దారిలో బాత్రూమ్ దొరకదని వణికేవాళ్లకి, అది వరమే. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది కదా, పేగులో వాపు ఎంత ఉందో ట్యూబు వేయకుండానే చెప్పేది, దాని వాడకం పెరగడం కూడా మనకి మంచే చేసింది. ఆసుపత్రికి వెళ్లి కుర్చీలో గంటలు కూర్చుని ఎక్కించుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి బదులు చర్మం కింద ఇంట్లోనే వేసుకునే రకానికి యూరప్‌లో ఐబీడీకి 2020 లోనే అనుమతి వచ్చింది. ఇవి పోకుండా చూసుకోవాలి. ఫోన్లో చెబితే సరిపోయేదేది, చెయ్యి వేసి చూడాల్సిందేది అని మీ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు పేపర్లలో పెద్దగా రాయని విషయం ఒకటి మాట్లాడతాను. బాత్రూమ్‌లు. లాక్‌డౌన్‌లో పబ్లిక్ టాయిలెట్లు మూసేశారు, హోటళ్లు, షాపులు మూతపడ్డాయి. మిగతావాళ్లకి అది చిన్న ఇబ్బంది. మనకి? మనం రోడ్డెక్కేటప్పుడు మనసులో ఒక మ్యాపు వేసుకునే బయల్దేరతాం, ఇక్కడ ఒకటుంది, ఆ మలుపు దాటాక ఇంకొకటుంది, ఆ పెట్రోల్ బంకులో అడిగితే ఇస్తారు అని. ఆ మ్యాపు మొత్తం ఒక్క రోజులో చెరిగిపోయింది. మందులషాపు దాకా నడిచి వెళ్లలేక మానుకున్నవాళ్లున్నారు. వెళ్లినా ఆ దూరం దూరం క్యూలో నిలబడగలమా? "నేను ముందుకెళ్లొచ్చా" అని అడగాలంటే జబ్బు పేరు పదిమందిలో చెప్పాలి. ఇక ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఒకరికి కోవిడ్ వస్తే? విడిగా ఉండండి, ఒకే బాత్రూమ్ వాడొద్దు అని చెప్పారు, మాటకి అది సులువే. గంటకోసారి పరిగెత్తే మనిషి ఏ బాత్రూమ్‌కి పోవాలి? ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, మనం గట్టిగా అడగాల్సిన విషయం. ఇంకోసారి ఇలాంటిది వస్తే టాయిలెట్లు కూడా అత్యవసర సేవే అని మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

మరోపక్క, ఇంట్లోంచే పని అనేసరికి ఆఫీసులో మీటింగు మధ్యలో లేవాలంటే చచ్చిపోయేంత సిగ్గుపడేవాళ్లకి మొదటిసారి ఊపిరి ఆడింది. అది కూడా నిజమే.

లక్షణాలు కలిసిపోవడం ఇంకో తలనొప్పి. కోవిడ్‌లో కూడా విరేచనాలు అవుతాయి, నీరసం ఉంటుంది, ఆకలి పోతుంది. మరి ఇది ఫ్లేరా, అంటే మన జబ్బు తిరగబెట్టడమా, లేక కోవిడా? జ్వరం, దగ్గు, గొంతునొప్పి, వాసన తెలియకపోవడం తోడైతే ముందు కోవిడ్ పరీక్ష చేయించాలి. రక్తం పడుతుంటే, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తుంటే జబ్బు వైపు చూడాలి. రెండూ కలిసి కూడా రావచ్చు. తేలకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టొద్దు, అంతే నేను చెప్పేది.

టీకాల గురించి తొందరగా చెప్పేస్తాను. మొదటి టీకా ప్రయోగాల్లో ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్లని చేర్చుకోలేదు. అంటే టీకా వచ్చేసింది, కానీ మనకి పనిచేస్తుందో లేదో మన మీద చూసినవాళ్లు లేరు. బ్రిటన్‌లో క్లారిటీ ఐబీడీ అనే పరిశోధన ఈ లోటు తీర్చింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడేవాళ్లనీ, పేగు మీదే ఎక్కువగా పనిచేసే వెడోలిజుమాబ్ వాడేవాళ్లనీ పోల్చి చూశారు. ఒక్క డోసు తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాళ్లలో యాంటీబాడీలు బాగా తక్కువ వచ్చాయి. రెండో డోసుతో చాలామందిలో పెరిగాయి, కానీ వెడోలిజుమాబ్ వాళ్లంత రాలేదు, త్వరగా తగ్గిపోయాయి కూడా. మంచి సంగతేంటంటే టీ కణాలు, అంటే వైరస్ సోకిన కణాల్ని పట్టుకునేవి, అవి చాలామందిలో బాగానే స్పందించాయి. అందుకే మనబోటివాళ్లకి అదనపు డోసులు ముందుగా ఇవ్వమన్నారు, అమెరికాలో 2021 ఆగస్టులో ఆ సలహా వచ్చింది. టీకా వేయించుకుంటే ఫ్లేర్ వస్తుందన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. బతికున్న వైరస్‌తో తయారైన టీకాలు మాత్రం మనలో చాలామందికి పనికిరావు, ఏ టీకా అయినా వేసే ముందు మీ మందు పేరు చెప్పండి.

ఇప్పుడిదంతా ఎందుకమ్మా, 2023 మే 5న అత్యవసర పరిస్థితి అయిపోయిందన్నారుగా అంటారా? వైరస్ పోలేదు, మనకి జబ్బూ పోలేదు. మీ దగ్గర ఒక కాగితం పెట్టుకోండి. ఏ మందు, ఎంత మోతాదు, చివరి ఇంజెక్షన్ ఎప్పుడు, తర్వాతది ఎప్పుడు, ఫ్లేర్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లు ఎత్తకపోతే ఇంకెవరికి. మీరే కాదు, ఇంట్లో ఇంకొకరికి కూడా అది ఎక్కడుందో తెలియాలి. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లు వెళ్లిన ప్రతిసారీ ఒక్కటే అడగండి, "డాక్టరుగారూ, ఇది ఎప్పుడు ఆపుతాం, దీని బదులు ఏది ఇస్తారు?" మళ్లీ చెబుతున్నా, ప్రతిసారీ అడగండి.

ఏంటమ్మా? గట్టిగా అడుగు, అందరికీ వినపడాలి.

ఈ అమ్మాయి అడుగుతోంది, కోవిడ్ పాజిటివ్ వస్తే అడాలిముమాబ్ ఇంజెక్షన్ వేసుకోవాలా వద్దా అని. మంచి ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్నప్పుడు భయంతో ఆపడం వేరు, నిజంగా సోకినప్పుడు డాక్టరు చెప్పి కొద్దిరోజులు వాయిదా వేయడం వేరు. మొదటి రోజుల్లో వచ్చిన సలహా ఏంటంటే, సోకితే అజాథయోప్రిన్ లాంటి మాత్రలు, టోఫాసిటినిబ్ అనే ఇంకో ఐబీడీ మాత్ర తాత్కాలికంగా ఆపి, ఇంజెక్షన్ కొన్నాళ్లు వాయిదా వేసి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టమని. కాబట్టి పాజిటివ్ అని తెలిసిన రోజే ఫోన్ చెయ్యమ్మా, ఇంజెక్షన్ తేదీ వచ్చేదాకా ఆగొద్దు. కోవిడ్‌కి మాత్రలు రాస్తే నీ మందుల జాబితా మొత్తం చూపించు. వాటిలో రిటోనావిర్ ఉన్న మందు ఒకటుంది, అది టోఫాసిటినిబ్, టాక్రోలిమస్, బ్యుడెసొనైడ్ లాంటి వాటిని ఒంట్లో ప్రమాదకరంగా పెంచేస్తుంది. అడాలిముమాబ్‌తో ఆ గొడవ లేదు. ఇంకెవరైనా ఉన్నారా? ఆ వెనకాయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు అటు ఇవ్వండి.